అద్దంలా మెరిసిన బ్యారెల్

ఒడిశా సముద్రతీరంలో మా గోపాల్‌పూర్ ఒడ్డున కొత్తగా రిపేరు చేసిన పడవ ఇంజన్ని ఎలా చూసుకోవాలని ఎవర్ని అడిగినా ఒకటే చెప్తారు. బాలింతరాల్ని చూసినట్టు చూడాలంటారు. ఇసుక మీదే స్టార్ట్ చేసి, సన్నగా, రెండు రోజులు అలా తిరగనివ్వాలట. మా నాన్నా అలాగే చేసేవాడు, 2019లో నేనూ అలాగే చేశాను. ఆరు నెలలకి ఆ ఇంజన్ డీజిల్‌తో సమానంగా ఆయిల్ తాగడం మొదలెట్టింది. వెనకాల నీలం పొగ. పడవలో కూర్చున్నవాళ్ళు కొంగులు, తువ్వాళ్ళు మొహానికి అడ్డం పెట్టుకునేవాళ్ళు.

బరంపురం తీసుకెళ్ళి విప్పించాను. మిస్త్రీ ఒడియా ఆయన, మేమందరం భాయినా (ఒడియాలో అన్నయ్య) అంటాం. బ్యారెల్, అంటే పిస్టన్ ఆడే గొట్టం, దాని లోపలికి టార్చి వేసి చూపించాడు. గోడంతా అద్దంలా తళతళ. "బాగానే ఉంది కదా భాయినా" అన్నాను. "అదే రోగం" అన్నాడాయన.

(ఒక మాట. నేను చదువుకున్నది ఒడియా బడిలో. తెలుగు మాట ఇంట్లోది, తెలుగు అక్షరం బరంపురంలో సినిమా పోస్టర్లు చూసి కూడబలుక్కున్నది. తప్పులుంటే సర్దుకోండి.)

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత చెప్తాను. బోరింగ్ (బ్యారెల్ లోపల చెక్కి నున్నగా చెయ్యడం) అయ్యాక హోనింగ్ అనే నూరుడు రాయి తిప్పితే గోడ మీద ఒకదాన్నొకటి కోసుకుంటూ సన్నటి గీతలు పడతాయి. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. పిస్టన్ చుట్టూ ఉండే కొత్త రింగులు ఆ గీతల మొనల్ని అరగదీసుకుంటూ గోడకి సరిగ్గా అతుక్కోవాలి. రింగుకి సొంతంగా ఉండే బిగువు కొంచెమే. పైన మండిన గ్యాస్ రింగు వెనక దూరి దాన్ని గోడకేసి అదిమితేనే పని జరుగుతుంది. ఖాళీగా తిరిగే ఇంజన్లో ఆ ఒత్తిడి ఎక్కడుంది? రింగు ఆయిల్ మీద జారుతూ ఉంటుంది. ఆ ఆయిలే మాడి వార్నిష్‌లా గోడకి పట్టి గీతల్ని పూడ్చేస్తుంది. ఆ తర్వాత నువ్వెంత బతిమాలినా రింగులు కూర్చోవు. రెండు రోజులు నేను చేసిన సేవ ఇంజన్ని మాడ్చడమే అన్నమాట.

మొన్న ఆగస్టులో కెరటం విరిగి మీదపడి ఎయిర్ ఫిల్టర్లోంచి ఉప్పునీళ్ళు లోపలికి పోయాయి. మళ్ళీ బోరింగ్, పాయింట్ ఫైవ్ ఓవర్‌సైజ్ (పాతదానికంటే కాస్త పెద్ద) పిస్టన్, కొత్త రింగులు, వాల్వులు నూరడం, నాజిల్ చెకింగ్. ఈసారి మాత్రం భాయినా చెప్పినట్టే చేస్తానని ఒట్టేసుకున్నాను.

కానీ మా ఒడ్డుకో చిక్కుంది. మాకు జెట్టీ లేదు. ఇసుక మీంచి పడవని తోసి, విరిగే కెరటాల్లోంచి ఫుల్ రేజింగ్‌తో బయటపడాలి. కొత్త పిస్టన్‌కి మొదటి నిమిషంలోనే అంత దెబ్బా? అందుకని నవంబరులో కొండగాలి వీచే తెల్లవారుజాము చూసుకున్నాను. కెరటం పడుకుని ఉంటుంది. గాలితో చల్లబడే ఇంజనే కాబట్టి ఒడ్డున పది నిమిషాలు వేడెక్కనిచ్చి, ఆయిల్ ఎక్కడైనా కారుతోందేమో చూసి ఆపేశాను. కెరటాలు దాటేదాకా తెడ్లే. బావ తెడ్డు వేస్తూ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

బయటికెళ్ళాక దక్షిణం పట్టాం. ఉత్తరాన రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ ఉంది, తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా అటు వేటకి నిషేధం. ఆ వైపు పడవ కనిపిస్తే ఇంజన్ పరీక్ష అంటే ఎవరు వింటారు? వల కూడా వేసుకోలేదు. పక్క పడవల వాళ్ళు కవ్వళ్ళ చేపల వల లాగుతూ, "పెళ్ళికొడుకుని ఊరేగిస్తన్నావేటి?" అని అరిచారు.

సగం రేజింగ్‌లో పది నిమిషాలు, ముప్పావుకి పెంచి ఐదు నిమిషాలు, మళ్ళీ తగ్గించి, మళ్ళీ పెంచి. ఒకే వేగంలో ఉంచలేదు. ముప్పావంటే ఎక్కువ కాదా అని బావ భయం. ఐటీఐ చదివే మా అబ్బాయి రాత్రే లెక్క వేసి చూపించాడు. నీళ్ళలో తిరిగే పంకా (ప్రొపెల్లర్) వేగం రెట్టింపు చేస్తే అది లాగే శక్తి సుమారు ఎనిమిది రెట్లు అవుతుందట. అంటే సగం వేగంలో ఇంజన్ మీద పడేది ఎనిమిదో వంతు బరువే. ముప్పావు వేగంలో కూడా సగం శక్తి దాటదు. మనం చెయ్యి నెమ్మదిగా పెడుతున్నామనుకుంటాం, ఇంజన్‌కి అది దాదాపు ఖాళీయే.

మొదటి గంట నీలం పొగ వచ్చింది. గుండె జారింది. రెండో గంటకి పల్చబడింది. నల్లపొగ కనిపిస్తే మాత్రం వెంటనే తగ్గించేవాణ్ణి, అది బరువు మితిమీరిందని గుర్తు.

తిరిగొచ్చి, ఇంజన్ పూర్తిగా చల్లారాక ఇంజన్ పై మూత (హెడ్) నట్లు మళ్ళీ టార్క్ పెట్టి, అంటే కొలత ప్రకారం, బిగించాం. ఒకటి పావు తిప్పు తిరిగింది. టాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గర వదిలే సందు) కూడా మారింది, సరిచేశాం. గంటలన్నీ మా అమ్మాయి లెక్కల పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను. ఇరవై రెండు గంటలు నడిచాక ఆయిల్ దింపి తెల్లగుడ్డలో వడకడితే గుడ్డ మీద వెండి రజనులా సన్నగా మెరిసింది. రెండోసారి దింపినప్పుడు ఆ మెరుపు లేదు. ఖరీదైన సింథటిక్ ఆయిల్ పొయ్యమని షాపువాడు చెప్పాడు గాని భాయినా వద్దన్నాడు, అంత జారుడైతే రింగులు అరగవట. మామూలు మినరల్ ఆయిలే పోశాను.

యాభై గంటలు దాటాయి. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద గీత దిగలేదు. బావ దాని గురించి ఒక్క మాట అనలేదు. వచ్చే నెల వాళ్ళ తమ్ముడి ఇంజన్ విప్పుతున్నారు. "ఇసుక మీద రెండు రోజులు తిప్పుతావా?" అని గుచ్చాను. బీడీ ఆర్పి, "నీ తెడ్లు ఖాళీయేనా?" అన్నాడు.