గుణదల మెట్ల మీద ఐదో స్థలం

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మరియమాత పండుగకి విజయవాడ గుణదల వెళ్తే కొండ కనపడదు, జనమే కనపడతారు. అందుకే మేము పండుగ అయ్యాక, ఈస్టర్ ముందొచ్చే తపస్సు కాలంలో ఒక శుక్రవారం వెళ్ళాం. నేను, మా అత్తయ్య, మా బాబు. ఆర్లాటి ఫాదర్ గారు 1924లో మరియమాత స్వరూపం పెట్టించిన చోటు ఇది. మతంతో పని లేకుండా అందరూ వస్తారు. మా పక్కింటివాళ్ళు హిందువులు, వాళ్ళ పిల్లాడి పుట్టువెంట్రుకలు ఇక్కడే తీయించారు.

నేను మాత్రం మొక్కు తీర్చడానికి వెళ్ళలేదు. పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ దగ్గర నా తప్పులు ఒప్పుకోవడానికి వెళ్ళాను. ఏళ్ళ తరబడి నేను చెప్పేది ఒక్కటే: పిల్లాడి మీద అరవడం. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు ఇక అరవనని గట్టిగా అనుకుంటాను. వారం తిరక్కుండానే లెక్కల పుస్తకం ముందు వాడి మీద విరుచుకుపడతాను. ఆ రాత్రి నిద్ర పట్టదు. మర్నాడంతా ఆ గిల్ట్‌తో బిగబట్టుకుని ఉంటాను. సాయంత్రానికి ఆ బిగువు కాస్తా తెగిపోయి ఇంకా గట్టిగా అరుస్తాను.

అక్కడి ఫాదర్ గారికి ఇదే చెప్పాను. పెద్దాయన ఆయన, ఓపిగ్గా విన్నారు. "ఆ టైముకి ఇంట్లో ఏం జరుగుతుంటుందమ్మా?" అన్నారు. పొయ్యి మీద అన్నం, చేతిలో ఫోను, ఆఫీసు టెన్షన్, ఎదురుగా వాడి హోంవర్క్.

"అన్నీ ఒక్కదానివేనా?"

"అత్తయ్య చూస్తానంటారు ఫాదర్. నేనే వద్దంటాను."

ఆయన నవ్వారు. మనిషి తన సంకల్పబలంతోనే పాపం లేకుండా బతకగలడని పెలాజియస్ అనే ఆయన బోధించాడట. పునీత అగస్టీను గారు దాన్ని ఖండించారట, 418లో కార్తేజులో బిషప్పుల సభ తోసిపుచ్చిందట. అంటే 1600 ఏళ్ళ కిందటే తీర్పు వచ్చేసిన కేసుని నేను వంటింట్లో ఇంకా వాదిస్తున్నానన్నమాట. ప్రాయశ్చిత్తంగా సిలువ మార్గం చేయమన్నారు, అంటే ప్రభువు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ 14 స్థలాల దగ్గర ఆగి ప్రార్థించడం. ఐదో స్థలం దగ్గర కాసేపు ఎక్కువ ఆగమన్నారు.

సిలువ మార్గంలో ప్రభువు మూడుసార్లు పడతారు: 3, 7, 9 స్థలాల్లో. సువార్తల్లో ఈ పడటాల మాటే లేదు. అయినా మన పెద్దలు వాటిని ప్రార్థనలో నిలుపుకున్నారు, ఎందుకో నాకు అర్థమవుతుంది. ఐదో స్థలం సీమోనుది. పొలం నుంచి వస్తున్న మనిషిని సైనికులు పట్టుకుని సిలువ మోయించారు. అతనికి ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు. ప్రభువు మాత్రం వద్దనలేదు. చిన్నప్పటి నుంచి చేస్తున్న ప్రార్థనే, ఈ సంగతి ఎప్పుడూ పట్టించుకోలేదు. సాయం అడిగితే చేతకానిదాన్నయిపోతానని నా భయం. దానికి ఓర్పు అని పేరు పెట్టుకున్నాను.

అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. అయినా ప్రతి స్థలం దగ్గరా మోకరిస్తానని పట్టు. లేచేటప్పుడు నా భుజం పట్టుకుంటారు. రెండో చేతిలోని కొవ్వొత్తి వంగి, కరిగిన మైనం నా చీర కొంగు మీద పడి గడ్డకట్టింది. "అయ్యో, మరక పోదేమో అమ్మాయ్" అన్నారు, భుజం వదలకుండానే.

"పోతే పోయిందిలెండి. అత్తయ్యా, రేపటి నుంచి వీడి లెక్కలు మీరు చూస్తారా?"

"ఎన్నిసార్లు అడిగాను నిన్ను! లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని ఇంట్లో పెట్టుకుని..."

"నానమ్మ అయితే ఎక్కాలు అప్పజెప్పమంటుంది" అని వాడి గోల.

కోపం పోయిందని చెప్పను. ఇప్పుడు టిఫిన్ బాక్సు దగ్గర అరుస్తున్నాను. కాకపోతే అరుపు సగంలో ఉండగానే "ప్రభువా, చూస్తున్నావుగా" అనేస్తాను, చల్లారేదాకా ఆగను. రాత్రి నిద్ర పడుతోంది. ఈస్టర్ ముందు మళ్ళీ పాపసంకీర్తనానికి వెళ్తే కోపం సంగతి రెండో మాటగా వచ్చింది. మొదట చెప్పింది గర్వం గురించి. దానికి ఫాదర్ గారు చాలాసేపే తీసుకున్నారు, బయట లైన్లో ఉన్నవాళ్ళు గొణుక్కున్నారు కూడా.