స్ప్లాష్ మౌంటెన్ కోసం బాధపడ్డవాళ్ళందర్నీ ఒకే గాటన కట్టొద్దు

మొన్న ఇంట్లో భోజనాల దగ్గర మళ్ళీ ఇదే టాపిక్ వచ్చింది. అమెరికా డిస్నీ పార్కుల్లో స్ప్లాష్ మౌంటెన్ అనే నీళ్ళ రైడ్ తీసేసి డిస్నీ సినిమా ప్రిన్సెస్ టియానా పేరుతో కొత్త రైడ్ పెట్టడం మీద ఒకళ్ళేమో పాతది రేసిస్ట్ రైడ్, పోతే పీడా పోయింది అంటారు, ఇంకొకళ్ళేమో డిస్నీ వాళ్ళు ముట్టుకున్నవన్నీ పాడుచేస్తున్నారు అంటారు, ఇద్దరూ గట్టిగానే అంటారు కానీ అసలు ఆ రైడ్‌లో ఏముండేదో, ఇప్పుడు ఏముందో మాత్రం ఎవరూ మాట్లాడరు. ఫ్లోరిడాలో ఉండే తెలుగువాళ్ళకి ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తామామలో వచ్చారంటే ఇక్కడి డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌కి తీసుకెళ్ళడం తప్పదు, అలా వెళ్ళీ వెళ్ళీ నేను ఆ కొండని బాగా ప్రేమించాను, అందుకని నా మనసులో ఉన్నదంతా ఒకసారి రాసేద్దామని కూర్చున్నా.

ముందు ఆ రైడ్ ఎక్కనివాళ్ళ కోసం. దుంగలా ఉండే పడవలో కూర్చుంటే నీళ్ళల్లో మెల్లగా తీసుకెళ్తుంది, చుట్టూ పాటలు పాడే జంతువుల బొమ్మలు. కథేంటంటే బ్రెయర్ రాబిట్ అనే కుందేలు ఇల్లు వదిలేసి లోకం చూద్దామని బయల్దేరుతుంది, నక్క, ఎలుగుబంటి వెంటపడతాయి, చివరికి నక్క పట్టేసుకుంటుంది. అప్పుడు కుందేలు ఏమంటుందంటే, నన్ను ఏమైనా చేసుకో, కాల్చుకో, తినెయ్, కానీ దయచేసి ఆ ముళ్ళపొదలో మాత్రం వెయ్యకు అని బతిమాలుతుంది. నక్క పంతానికి పోయి ముళ్ళపొదలోకే విసిరేస్తుంది, కుందేలు పుట్టి పెరిగిందే ముళ్ళపొదల్లో కాబట్టి హాయిగా తప్పించుకుంటుంది.

ఆ విసిరెయ్యడమే రైడ్ చివర్లో వచ్చే పెద్ద డ్రాప్! దాదాపు 50 అడుగులు, 45 డిగ్రీల వాలు. దానికి ముందు చీకట్లో పడవ పైకి ఎక్కుతుంటుంది, తల పైన రెండు రాబందులు కూర్చుని మనల్ని చూసి వెక్కిరిస్తూ మాట్లాడతాయి, పైన చిన్న వెలుతురు కనిపిస్తుంటుంది, చైన్ టకటకమని చప్పుడు. ఆ రాబందుల దగ్గరికి వచ్చేసరికి పిల్లలు గప్‌చుప్ అయిపోయేవాళ్ళు, ఎందుకంటే అప్పటికి కుందేలు స్థానంలో మనమే ఉన్నామని వాళ్ళకి అర్థమైపోయేది. మనకి భయం పుట్టించిన ఆ పడిపోవడమే మనల్ని బయటపడేస్తుంది, కింద ముళ్ళపొద దాటి లోపలికి వెళ్తే పెద్ద స్టీమ్ బోట్ మీద అందరూ పాడుతుంటారు. కథా రైడూ ఇంత బాగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం నేను ఇంకెక్కడా చూళ్ళేదు, ఇది నోస్టాల్జియాతో అంటున్న మాట కాదు.

టోనీ బాక్స్టర్ అనే డిజైనర్‌కి 1983లో ఆఫీసుకి వెళ్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఈ ఐడియా వచ్చిందట. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో అమెరికా సింగ్స్ అనే షో మూతపడితే దాంట్లో పాడే బొమ్మల్ని చాలావరకు అక్కడి స్ప్లాష్ మౌంటెన్‌లోకి తెచ్చి పెట్టారు. 1989లో అక్కడ మొదలైంది, 1992లో ఫ్లోరిడాలోనూ టోక్యోలోనూ.

మరి గొడవెందుకొచ్చింది అంటే ఈ కథ డిస్నీ 1946లో తీసిన సాంగ్ ఆఫ్ ది సౌత్ సినిమాలోది. అమెరికా అంతర్యుద్ధం అయ్యాక జార్జియా రాష్ట్రంలో ఒక ప్లాంటేషన్, అక్కడ నల్లజాతి కూలీలు ఏ కష్టమూ లేనట్టు సంతోషంగా పాడుకుంటూ ఉంటారు. సినిమా వచ్చినప్పుడే నల్లజాతివాళ్ళ హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ అభ్యంతరం చెప్పింది. డిస్నీ వాళ్ళే సిగ్గుపడి అమెరికాలో దాన్ని వీడియోగా కూడా ఎప్పుడూ రిలీజ్ చెయ్యలేదు, డిస్నీ ప్లస్‌లోనూ లేదు. సినిమాలో కథలు చెప్పే నల్లజాతి ముసలాయన అంకుల్ రీమస్ పాత్రని రైడ్‌లో అసలు పెట్టనేలేదు, కథలో నక్క కుందేల్ని పట్టడానికి చేసిన తారు బొమ్మ (నల్లవాళ్ళని తిట్టే మాటగా మారిపోయింది అది) ఉండాల్సిన చోట తేనెపట్టు పెట్టారు. అంటే కట్టేటప్పుడే వాళ్ళకి తెలుసు, ఇది ఎప్పటికైనా మెడకి చుట్టుకుంటుందని.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ కుందేలు కథలు డిస్నీవీ కాదు, 1880లో వాటిని పుస్తకంగా వేసిన అట్లాంటా జర్నలిస్టు జోయెల్ చాండ్లర్ హారిస్‌వీ కాదు. అవి బానిసలుగా బతికిన ఆఫ్రికా మనుషుల కథలు, ఒళ్ళో బలం లేనివాడు తెలివితో బలవంతుణ్ణి ఎలా గెలుస్తాడో పిల్లలకి చెప్పుకున్న కథలు. మన పంచతంత్రంలో సింహాన్ని బావి దగ్గరికి తీసుకెళ్ళి దాని నీడనే చూపించి దూకించిన కుందేలు ఉంది కదా, అచ్చం అలాంటి బుర్ర. ఆ కథ చెప్పుకున్నవాళ్ళదేమో నోరు లేని బతుకు, పేరొచ్చింది రాసుకున్నాయనకి, డబ్బొచ్చింది సినిమా తీసినవాళ్ళకి, చివరికి సినిమా మీద పడ్డ మరకతో ఆ కుందేలు కూడా పోయింది. మార్చడం తప్పు అని నేను అనను, ఆ సినిమా నుంచి పుట్టిన రైడ్ ఎక్కి నల్లజాతి కుటుంబాలు నవ్వుతూ ఫొటో దిగాలని మనం ఎలా అడుగుతాం? కానీ పోయినదాని విలువ ఏంటో తెలిసి ఒప్పుకోవాలి కదా.

2020 మేలో నల్లజాతివాడైన జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసులు చంపేశాక దేశమంతా రోడ్ల మీదకొచ్చింది, రైడ్‌ని టియానా కథతో మార్చమని పిటిషన్ పెట్టారు, జూన్ 25న డిస్నీ ప్రకటించింది, ముందు ఏడాది నుంచే దీని మీద పనిచేస్తున్నాం అన్నారు. వెంటనే మార్చొద్దని ఇంకో పిటిషన్. 2023 జనవరి 22న ఫ్లోరిడాలో ఆఖరి రోజు గంటలు గంటలు క్యూ, ఆ తర్వాత రైడ్‌లో నీళ్ళని సీసాల్లో పట్టి ఈబేలో అమ్మకానికి పెట్టారు. ఆ సీసాల గురించి అందరూ తెగ నవ్వారు, నాకు నవ్వు రాలేదు. ఆ డ్రాప్‌లో కెమెరా ఉంటుంది, కిందపడుతుండగా ఫొటో తీస్తుంది. ఫొటో అంటే బిగుసుకుపోయి పాస్‌పోర్టు మొహం పెట్టే మా నాన్నగారు ఆ ఒక్క ఫొటోలో మాత్రం రెండు చేతులూ పైకెత్తి నోరంతా తెరిచి నవ్వుతున్నారు, పక్కన మా అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని ఆయన భుజం పట్టుకుని ఉంది. ఇలాంటి ఫొటో ఎన్ని ఇళ్ళల్లో ఉంటుందో! వాళ్ళందర్నీ రేసిస్టులు అనేస్తే ఎలా?

అలాగని రేసిస్టులు లేరనీ అనను. టియానా పేరు వినగానే మొహం మాడ్చుకుని, ఒక్క సీన్ కూడా చూడకుండానే నోటికొచ్చింది అన్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళతో నాకు మాటల్లేవు. టియానా అంటే మా అమ్మాయికి ప్రాణం. ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్ అనే 2009 సినిమా అది, 1920ల న్యూ ఆర్లియన్స్‌లో రెండు చోట్ల పనిచేస్తూ సొంత రెస్టారెంట్ కోసం పైసా పైసా దాచుకునే పిల్ల, డిస్నీకి మొదటి నల్లజాతి ప్రిన్సెస్. లియా చేజ్ అనే నిజమైన హోటల్ యజమానురాలిని చూసి ఆ పాత్ర రాసుకున్నారు. ఇలాంటి అమ్మాయికి ఒక పెద్ద రైడ్ ఉండాలి అంటే నేను ముందు చెయ్యెత్తుతా.

అందుకే 2024 జూన్ 28న తెరిచినప్పుడు చాలా ఆశగా ఎదురుచూశాను. బొమ్మలు మాత్రం అద్భుతం, టియానా మన వైపు తిరిగి కళ్ళల్లోకి చూసి మాట్లాడుతుంటే బొమ్మ అన్న సంగతే మర్చిపోతాం, లూయీ మొసలి అంత పెద్ద ఒంటిని కదిలించే తీరు చూడటానికే ఇంకోసారి ఎక్కొచ్చు. న్యూ ఆర్లియన్స్ సంగీతకారుడు పీజే మోర్టన్ రాసిన కొత్త పాట కూడా మంచి ఊపుగా ఉంటుంది. మొదట్లో రైడ్ మాటిమాటికీ ఆగిపోయింది, అది కొత్త రైడ్లకి మామూలే, దాన్ని పట్టుకుని ఏడిపించడం అన్యాయం.

ఇబ్బంది కథలో ఉంది. మార్డీ గ్రా పండగ పార్టీకి పాటగాళ్ళు తక్కువయ్యారు, అడవిలో వెతుకుదాం రండి అని టియానా మనల్ని తీసుకెళ్తుంది, మామా ఓడీ అనే మంత్రాల ముసలమ్మ మంత్రం వేసి మనల్ని కప్పంత చిన్నగా చేసేస్తుంది, బ్యాండ్ దొరుకుతుంది, మళ్ళీ మామూలు సైజుకి తెచ్చేస్తుంది, ఆ తెచ్చెయ్యడమే డ్రాప్. మధ్యలో ప్రమాదం లేదు, తొందర లేదు, ఎవరూ వెంటపడరు. సినిమాలో విలన్ డాక్టర్ ఫెసిలియర్ అసలు కనపడడు! పాత ట్యూన్‌కి కొత్త మాటలు రాసినట్టుంది, కానీ ట్యూన్ ఎక్కడ పైకి లేస్తుందో అక్కడ మాట లేదు. అదే లిఫ్టు, అదే చైన్ చప్పుడు, శరీరం భయపడటానికి సిద్ధమవుతుంది, కథ మాత్రం భయపడాల్సిందేం లేదు అంటుంది.

సినిమా చివర్లో ఫెసిలియర్ పోయాడు కదా, రైడ్ కథ ఆ తర్వాత జరిగేది కదా అని కొందరు అంటారు. సరే, కానీ అతన్ని లాక్కెళ్ళిన ఆ నీడలు ఎక్కడికీ పోలేదుగా?

రీథీమ్ (ఉన్న రైడ్‌కే కొత్త కథ తొడగడం) అంటేనే చెడిపోవడం అనుకునేవాళ్ళకి ఒక మాట. కాలిఫోర్నియాలో లిఫ్టు పడిపోయే టవర్ ఆఫ్ టెర్రర్ రైడ్‌ని 2017లో గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ సినిమాల రైడ్‌గా మార్చినప్పుడు కూడా ఇంతే గోల చేశారు, బిల్డింగ్ చూస్తే కంట్లో నలుసు అన్నారు. తీరా ఎక్కాక చాలామంది నోళ్ళు మూతపడ్డాయి, ఎందుకంటే లిఫ్టు పడిపోవడాన్ని పాటలకి కట్టేశారు, ఏ పాట వస్తే దానికి తగ్గట్టు ఎగరడం, పడటం. అంటే అక్కడ పడటానికి కొత్త కారణం దొరికింది. ఇంకా ముందు ఫ్లోరిడాలో మిస్టర్ టోడ్ రైడ్ మూసేస్తామంటే ఫ్యాన్స్ ఆకుపచ్చ టీషర్టులు వేసుకుని పార్కులోకే వచ్చి నిరసన చేశారు, అయినా ఆగలేదు, 1998లో మూసేశారు, దాని చోట విన్నీ ద పూ రైడ్ వచ్చింది. కానీ ఆ పూ రైడ్‌లో గుడ్లగూబ ఇంటి గోడ మీద ఒక చిన్న ఫొటో ఉంటుంది, దాంట్లో టోడ్ గారు ఇంటి కాగితాలు గుడ్లగూబ చేతికి ఇస్తుంటాడు. మనం కూర్చున్న బండి ఒక్క సెకను ఆగదు అక్కడ, తెలిసినవాళ్ళకే కనిపిస్తుంది. పాతవాళ్ళ మనసు తెలిసిన వాడెవడో పెట్టాడు దాన్ని.

టియానా రైడ్‌ని తీసెయ్యమని నేను అడగట్లేదు, పాతది తిరిగి తెమ్మనీ అడగట్లేదు. ఆ ఆఖరి లిఫ్ట్ మీద గోడ వెంబడి ఫెసిలియర్‌లా పొడుగు టోపీ పెట్టుకున్న నీడ ఒకటి మన పడవతో పాటు పైకి పాకాలి, మామా ఓడీ దాని బారి నుంచి మనల్ని తప్పించడానికే కిందకి తోసెయ్యాలి. కొండ కొత్తగా కట్టక్కర్లేదు, కాలువ తవ్వక్కర్లేదు. టియానాకి ఇంత ఖర్చుపెట్టినవాళ్ళు ఆ పది సెకన్లు కూడా ఇచ్చేస్తే మా అమ్మాయి లాంటి పిల్లలకి కూడా ఆ లిఫ్టు మీద ఒకసారి గుండె ఝల్లుమంటుంది.