అత్తె అంటే నాన్న

మా మేనకోడలు రష్యాలోని చెబొక్సారీలో మెడిసిన్ చదువుతోంది. "మావయ్యా, రిటైరైపోయావు కదా, ఒక్కసారి రా, వోల్గా చూపిస్తాను" అని రెండేళ్లుగా పోరు పెడుతుంటే కిందటి అక్టోబరులో బయల్దేరాను. ఈ-వీసా ఇంట్లో కూర్చునే వచ్చేసింది. టెన్షన్ అంతా డబ్బు గురించే. మన బ్యాంకుల వీసా కార్డులు, మాస్టర్ కార్డులు 2022 నుంచి అక్కడ పనిచేయవు. డాలర్లు లోపలి జేబులో పెట్టి కుట్టించుకుని, మాస్కో కజాన్‌స్కీ స్టేషన్‌లో రాత్రి రైలెక్కితే పొద్దున్నకి చెబొక్సారీ.

ఊరు వోల్గా ఒడ్డునే ఉంది. 1980ల మొదట్లో ఆనకట్ట నీళ్లు ఎగదన్ని పాత ఊళ్లో పల్లపు భాగమంతా మునిగిపోయిందట. ఇప్పుడక్కడ చెరువులాంటి పాయ, దాని పక్కన 46 మీటర్ల తల్లి విగ్రహం. "ఆవిడ పేరు అన్నె" అంది మేనకోడలు.

"అన్న ఏమిటే, ఆడమనిషైతే?"

"ఇక్కడ అన్నె అంటే అమ్మ, మావయ్యా. అత్తె అంటే నాన్న."

నాకు నవ్వాగలేదు. ఇంకా ఉంది విను, అక్కని అప్ప అంటారు అని తనే చెప్పింది. మా శ్రీకాకుళంలోనూ అప్పే! చుట్టరికం ఉందేమోనని ఆశపడకండి, ఏమీ లేదు. ఇది ఇక్కడి చువాష్ జనం మాట్లాడే భాష. టర్కిష్‌కి దూరపు బంధువు. ఆ కుటుంబంలో ఒక పాత కొమ్మ మొత్తం ఎండిపోగా మిగిలిన ఒకే ఒక్క రెమ్మ. 2010 జనగణనలో మాట్లాడేవాళ్లు పది లక్షల పైన, 2021 లెక్కకి సుమారు 7 లక్షలు. బస్సుల్లో నాకు వినపడిందంతా రష్యనే.

ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, లైబ్రరీ కనపడితే కాళ్లు ఆగవు. ఇక్కడి నేషనల్ లైబ్రరీలో చువాష్ కవుల పుస్తకాలు చూపించమని మేనకోడలి చేత అడిగించాను. తన రష్యన్ అంతా ఆసుపత్రి రష్యన్. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లనుంచి, గాలి గట్టిగా పీల్చండి. అయినా ఎలాగో నెట్టుకొచ్చింది. లైబ్రేరియనమ్మ ముందుగా తెచ్చి పెట్టినవి గెన్నాది ఐగి పుస్తకాలు.

చిన్నప్పుడు విశాలాంధ్ర షాపులో సోవియట్ పుస్తకాలు కొని పెరిగిన తరం మాది. అంత చదివీ ఈ పేరు ఎప్పుడూ వినలేదు. ఎలా వింటాం? ఆయన రష్యన్ కవితల పుస్తకం సోవియట్ దేశంలో అచ్చయ్యింది 1991లో, ఆ దేశం పోతూ పోతూ ఉండగా. అప్పటికాయనకి యాభై ఏడేళ్లు. అంతకుముందు రష్యన్‌లో వచ్చినవన్నీ మ్యూనిక్, పారిస్ లాంటి చోట్లే.

పుట్టింది 1934లో, షైముర్జినో అనే పల్లెలో. ఇంటిపేరు లీసిన్. ఐగి అనేది వాళ్ల వంశానికి ఊళ్లో ఉన్న పేరు. 'ఖైఖి' అంటే చువాష్‌లో 'అదే, ఆ మనిషే' అని. పూర్వీకుడొకాయన ఆ మాటలో మొదటి అక్షరం మింగేసి 'ఐఖి' అనేవాడట, దాంతో ఆ పేరే నిలిచిపోయింది. మన పల్లెల్లో ఎగతాళి పేర్లు ఇంటిపేర్లైపోయినట్టే. తల్లివైపు తాత ఊళ్లో పాత చువాష్ మతానికి చివరి పూజారి. తండ్రి రష్యన్ మాస్టారు, పుష్కిన్‌ని చువాష్‌లోకి తెచ్చినాయన. 1943లో యుద్ధంలో చనిపోయాడు. కొడుకు మొదటి పుస్తకం 1958లో చువాష్‌లో వచ్చింది. దాని పేరు 'అత్తెసెన్ యాచెపె'. లైబ్రేరియనమ్మ అర్థం చెప్పకముందే మొదటి మాట నాకు తెలిసిపోయింది. తండ్రుల పేరిట. రెండు రోజుల కింద ఆ మాటకే కదా నేను పగలబడి నవ్వింది.

అదే ఏడాది, తను చదువుతున్న మాస్కో సాహిత్య సంస్థ నుంచి ఆయన్ని వెళ్లగొట్టారు. సోవియట్ సర్కారు రచయితలకి గీసిన గీత సోషలిస్టు వాస్తవికత, దాని పునాదుల్ని దెబ్బతీసే శత్రు కవిత్వం రాశాడని నేరం. అసలు తప్పు, 'డాక్టర్ జివాగో' నవలతో సర్కారుకి కంటగింపైన పాస్తర్నాక్‌తో స్నేహం. రష్యన్‌లో రాయమని సలహా ఇచ్చింది కూడా ఆ పాస్తర్నాకే. తర్వాత పదేళ్లు మయకోవ్‌స్కీ మ్యూజియంలో ఉద్యోగం. సొంత రష్యన్ కవితల పుస్తకం అచ్చుకి నోచుకోని ఆ కాలంలో ఫ్రెంచి నేర్చుకుని, ఫ్రాన్స్ కవులందరినీ చువాష్‌లోకి దించి 1968లో సంకలనం వేశాడు. 1972లో ఫ్రెంచి అకాడమీ దానికి బహుమతి ఇచ్చింది. ఆ తర్వాత హంగేరీ కవులు, పోలండ్ కవులు. సొంత గొంతు రష్యన్‌లో, అన్నం మాత్రం అమ్మభాషలో వండిపెట్టడం. 1960లలో అదే మాస్కోలో మన ఉప్పల లక్ష్మణరావు గారు రష్యన్ పుస్తకాలు తెలుగు చేస్తూ ఉండేవారు. ట్రాముల్లో పక్కపక్కన నిలబడ్డారేమో అనిపించింది. ఇది నా ఊహే సుమా.

ఆ సంకలనం చేతిలోకి తీసుకుని పేజీలు తిప్పాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఐదు శతాబ్దాల ఫ్రెంచి కవిత్వం నెత్తిన టోపీల్లాంటి గుర్తులు పెట్టుకున్న చువాష్ అక్షరాల్లో ఉంది. ఫ్రాన్స్ మొహం ఎన్నడూ చూడని పల్లెటూరి మాస్టార్ల కోసం.

ఆదివారం షైముర్జినో వెళ్దామన్నాను. "అక్కడ ఏముంది మావయ్యా?" అంది. పొలాలున్నాయన్నాను. ఆయన కవితల్లో ఎక్కడ చూసినా పొలం, అడవి, మంచు, మౌనమేనని లైబ్రేరియనమ్మ చెప్పింది. దక్షిణంగా బతిరెవో దాకా 130 కిలోమీటర్ల పైచిలుకు బస్సులో, అక్కడినుంచి టాక్సీలో. కోసేసిన పొలాలు నల్లగా, గట్లనేవి లేకుండా, ఆకాశం దాకా. మన ఐదెకరాల కళ్లకి అది పొలమంటే నమ్మకం కుదరదు. కొత్త బూట్లు శ్మశానం దారిలో చీలమండ దాకా బురదలో దిగబడ్డాయి. ఎడమది లాగితే కాలొక్కటే పైకొచ్చింది. మేనకోడలు ఫోటో తీసి ఇంట్లో వాళ్లందరికీ పంపింది.

2006 ఫిబ్రవరిలో మాస్కోలో చనిపోతే ఆయన్ని ఇక్కడికే తెచ్చి పూడ్చారు. సమాధి దగ్గర ఎంతసేపు ఉన్నామో తెలీదు. గాలి తప్ప మరో చప్పుడు లేదు.

తిరిగొస్తుంటే నీలం రంగు కిటికీల ఇంటి ముందు ఒక పెద్దావిడ నా కాళ్ల అవతారం చూసి లోపలికి లాక్కెళ్లింది. నీళ్లిచ్చి, పొయ్యి దగ్గర సాక్సులు ఆరేసి, బంగాళాదుంపలూ మాంసమూ కూరిన 'ఖుప్లు' అనే పెద్ద రొట్టె కోసి పెట్టింది. పిల్ల డాక్టరు చదువుతోందని తెలియగానే మోకాలు చూపించింది. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లనుంచి అని మా పిల్ల రష్యన్ ఒక్కసారిగా ధారాళమైపోయింది. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. నేను టీ తాగుతూ కూర్చున్నాను.

టాక్సీ హారన్ కొట్టింది. గుమ్మం దగ్గర నాకు తెలిసిన చువాష్ మాటల్లో ఒకటి కలిపి, "అప్పా, వెళ్లొస్తాం" అన్నాను. ఆవిడ చువాష్‌లో ఏదో అంటూ మేనకోడలి చేతిలో ఆపిల్ పళ్ల సంచీ పెట్టింది.