ఆకులు పీకుతుంటే అమ్మ తిట్టింది

"పచ్చటి చెట్టుకి ఆకులు పీకేత్తన్నావేట్రా, పిచ్చిగానీ ఎక్కిందా?" అని అమ్మ గుమ్మంలోంచి అరుస్తుంటే నేను స్టూలెక్కి యాపిల్ చెట్టు ఆకులు ఒక్కోటీ చేత్తో తుంపుతున్నా, పొద్దున్న ఏడున్నర, ఒడిశా కోరాపుట్ జిల్లా సిమిలిగుడలో మంచు ఇంకా విడలేదు, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

దానికి నిద్ర రావట్లేదమ్మా, మనమే పడుకోబెట్టాలి అన్నా. అదోలా చూసి లోపలికెళ్ళిపోయింది.

నిజంగా అంతే మరి, యాపిల్ చెట్టు చలికి ఆకు రాల్చి నిద్రపోయి లేస్తేనే సరిగ్గా పూస్తుంది. సిమ్లా వైపు పాత రకాలకి 7 డిగ్రీల లోపు చలి దాదాపు 1000 గంటలు కావాలి, మన కోరాపుట్ చలికి మనం వణుకుతాం గానీ వాటికది లెక్కలోకే రాదు. నా దగ్గరున్నవి అన్నా (రకం పేరే అది, ఎవర్నీ పిలవట్లేదు), డోర్సెట్ గోల్డెన్. ఒకటి ఇజ్రాయెల్‌ది, ఇంకోటి బహమాస్‌ది, సముద్రం పక్కన యాపిలేంటో! వీటికి మహా అయితే 300 గంటలు చాలు. అయినా ఆకు దానంతటది రాలదు, రాలకపోతే పూత ఒక్కసారిగా రాదు.

పోయినేడు అన్నా ఒక్కటే ఉండేది. పుప్పొడికి వేరే రకం జత చెట్టుంటే కాపు బావుంటుందని నర్సరీవాడు ఒక్క ముక్క చెప్పలేదు. రెండే పిందెలు, అవీ రాలిపోయాయి.

ఇవాళ ఒక ఆకు తీస్తే కాడ మొదట్లో మొగ్గ, బూడిదరంగు నూగుతో, పిల్లిచెవిలా మెత్తగా. వేలు పెట్టి అలాగే నిలబడిపోయా కాసేపు.

సాయంత్రం వచ్చి చూస్తే కింది కొమ్మలన్నీ బోడిగా ఉన్నాయి, అవి నేను ముట్టుకోలేదు.

"అందినకాడికి లాగీసాను, పైయి నువ్వు సూసుకో" అంది అమ్మ.