వెంటిలేటర్ కింద పెయింటు డబ్బా

2016 ఆగస్టులో ఒక సాయంత్రం. ల్యాబ్ అయిపోయింది, బ్యూరెట్లు కడిగించి స్టాండ్లకు పెట్టిస్తున్నాను. ఒక ఫస్టియర్ అమ్మాయి రికార్డు మీద సంతకం కోసం వచ్చింది. సంతకం పెట్టి పుస్తకం చేతికిచ్చినా కదల్లేదు. పుస్తకానికి వేసిన అట్ట అంచును గోటితో గీరుతూ నిలబడింది. "ఏంటమ్మా?" అన్నాను. హాస్టల్లో స్నానాల గది వెంటిలేటర్ దగ్గర ఎవరో ఫోను పెట్టారని, చెయ్యి కనిపించిందని, ఆ చేతికి ఎర్రదారం ఉందని ఒక్క గుక్కలో చెప్పేసి తలుపు వైపు చూసింది.

అప్పుడు నేను గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌ని, లేడీస్ హాస్టల్‌కి డిప్యూటీ వార్డెన్‌ని. ఇప్పుడు కాలేజీ మారింది, ఊరూ పనీ అవే. ఆ రోజు నేనన్న మాట పొల్లుపోకుండా గుర్తుంది. "సరేమ్మా, నేను చూసుకుంటాను. నువ్వు ఎవరికీ చెప్పకు."

మేం చూసుకున్న తీరు ఇది. ప్రిన్సిపాల్ గారికి నోటిమాటగా చెప్పాను. ఆయన మెస్ కాంట్రాక్టరును పిలిపించారు. వంటవాళ్లలో ఎర్రదారం కట్టుకున్న కుర్రాణ్ణి కాంట్రాక్టరు రాత్రికి రాత్రే లెక్క చూసి పంపేశాడు. అతనితో పాటే ఫోనూ పోయింది. అందులో ఏముందో, ఎన్నాళ్లుగా ఉందో, ఎవరికి పంపాడో, అసలు ఆ చెయ్యి అతనిదో కాదో ఎవరికీ తెలియదు. ఒక్క కాగితం పుట్టలేదు. "గొడవ లేకుండా సర్దేశారు మేడం" అని ప్రిన్సిపాల్ గారు మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు సంతోషంగానే అనిపించింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

మూడు వారాల తర్వాత ఆ అమ్మాయి నాన్న వచ్చారు. సత్తెనపల్లి వైపు మిరప రైతు. ట్రంకుపెట్టె, బకెట్టు, పరుపు చుట్ట ఆటో వెనక తాడేసి కట్టించి, టీసీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, చెప్పులు బయటే విడిచి ల్యాబ్ గుమ్మంలోకి వచ్చారు. "మా పాప మీకు చెప్పిందంట గదమ్మా. మరి మీరెవరికి చెప్పారు?" అని అడిగారు. గొంతులో కోపం లేదు, తెలుసుకుందామనే అడిగారు. వెనక వరండా కెమెరాలో పడిందేమో చూపించమన్నారు. మా కెమెరాల రికార్డింగు దాచే డీవీఆర్ పెట్టెలో 15 రోజులే నిలుస్తుంది, ఆ తర్వాత పాతదాని మీదే కొత్తది ఎక్కుతుంది. అప్పటికి 22వ రోజు.

ఆయన వెళ్లాక హాస్టల్ ఆయా నా దగ్గరికొచ్చి ఇంకో మాట చెప్పింది. ఆ పిల్ల నాతో చెప్పడానికి రెండ్రోజుల ముందే, వెంటిలేటర్ కింద బయటి వైపు ఖాళీ పెయింటు డబ్బా బోర్లించి ఉండటం చూసిందట. తీసి పక్కన పడేసిందట. "ఎవరికన్నా చెప్పాల్సింది కదా" అంటే "నన్నెవరడుగుతారమ్మా" అంది.

ఆ అమ్మాయికి అప్పటికి 17 ఏళ్లు. అదెంత పెద్ద విషయమో నాకు తర్వాత గానీ తెలియలేదు. పోక్సో చట్టం 2012 నవంబరు నుంచి అమల్లో ఉంది. 18 నిండని పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా, తెలిసిన మనిషి ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలని దాని 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ బాధ్యులు తమ కింద పనిచేసేవాళ్ల నేరాన్ని పోలీసులకు చెప్పకపోతే ఏడాది దాకా. ప్రిన్సిపాల్‌కి చెప్పేశాను కదా అనుకుంటే నా బాధ్యత తీరినట్టు కాదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. మా స్టాఫ్‌రూములో చాలామందిని ఆపేది తమ మీదే కేసు పడుతుందన్న భయమే.

కాలేజీ అంటే అందరూ పెద్దపిల్లలే అనుకుంటాం. ఇంటర్ పిల్లల్లో చాలామందికి, డిగ్రీ, బీటెక్ ఫస్టియర్‌లో కొందరికి 18 నిండవు. అడ్మిషన్ రిజిస్టర్‌లో పుట్టినతేదీ ఉంటుంది, ఒక్కసారి తిరగేసి చూడండి.

మా అన్నయ్య కూతురు టెక్సాస్‌లో ఎంఎస్ చేస్తూ, రూము అద్దె కలిసొస్తుందని యూనివర్సిటీ హాస్టల్లో ఆర్‌ఏగా చేరింది. పిల్లల బాగోగులు చూసే పని. చేరిన వారంలోనే ట్రైనింగ్ ఇచ్చారట. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీ హాస్టల్ గదిలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయి హత్యకు గురైంది. ఆమె తల్లిదండ్రులు పోరాడితే 1990లో అక్కడ చట్టం వచ్చింది. హాస్టల్ చూసుకునేవాళ్లు, ఆటల కోచ్‌ల వంటి వాళ్ల దగ్గరికి నేరం సంగతి వస్తే కాలేజీలో చెప్పాల్సిన చోట చెప్పి తీరాలి. కాలేజీ ఏటా అక్టోబరు 1 లోగా గత మూడేళ్ల నేరాల లెక్క అందరికీ తెలిసేలా పెట్టాలి. "విచారణ చెయ్యొద్దు, నిజమో అబద్ధమో తేల్చొద్దు, నీ చెవిన పడింది పైకి పంపడమే నీ పని అన్నారత్తా" అంది మా పిల్ల. ఆ లెక్క కోసం పంపే కాగితంలో బాధితురాలి పేరు కూడా అక్కర్లేదట.

2016లో నేను చేసింది దీనికి పూర్తిగా తలకిందులు. తేల్చేశాను, తీర్పు చెప్పేశాను, శిక్ష కూడా వేయించాను. పంపాల్సిన చోటికి మాత్రం పంపలేదు.

మన కాలేజీల్లో సర్దిచెప్పే మనిషికి మంచి పేరు. అమ్మానాన్నలను పిలిపించి, ఇద్దరి చేతా కాగితం రాయించి, "పిల్లల భవిష్యత్తు" అని ఒక మాట అనేస్తే అయిపోయినట్టే. ఫోను దొంగతనానికీ, తల పగలగొట్టడానికీ, ఆడపిల్ల వెంటపడటానికీ అదొక్కటే మందు. అడ్మిషన్ల సీజనైతే ఇంకా తొందర, బయటికి పొక్కితే కాలేజీ పేరు పోతుందని. గుంటూరు వాళ్లం 2015 జూలైని ఎలా మరిచిపోతాం? నాగార్జున యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదివే అమ్మాయి హాస్టల్లో ప్రాణం తీసుకుంది. ఎవరికి ముందే తెలుసు, తెలిసినవాళ్లు ఏం చేశారు అన్నదే అప్పుడు టీకొట్ల దగ్గర కూడా అందరూ అడిగిన ప్రశ్న.

పోయినేడు సెప్టెంబరులో, ఇప్పుడున్న కాలేజీలో, ఫస్టియర్ అబ్బాయి ఒకడు ఎడమ చెవి ఉబ్బి క్లాసుకొచ్చాడు. మెట్ల మీద పడ్డానన్నాడు. బెల్లు కొట్టాక ఆగి, "మేడం, మీరెవరికీ చెప్పనంటే చెప్తా" అన్నాడు. ఈసారి ఆ మాట ఇవ్వలేదు. "చెప్పాల్సింది ఉంటే చెప్పాల్సిన వాళ్లకే చెప్తాను, ఊరంతా చెప్పను. ఎవరికి చెప్తున్నానో ముందు నీకే చెప్తాను" అన్నాను. కాసేపు బెంచీ వైపు చూసి, చెప్పాడు. సీనియర్లు బ్రాడీపేటలో తమ రూముకు పిలిచి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి కొట్టారు.

బ్యాగులో ఉన్న లాంగ్ నోట్‌బుక్ తీసి రాశాను. తేదీ, టైము 11:20. వాడన్న మాటలు వాడన్నట్టే. "దాడి చేశారు" అని రాయలేదు. "చెవి మీద అరచేత్తో మూడుసార్లు కొట్టారు, అప్పట్నుంచి గుయ్ అంటోంది" అని రాశాను. ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఇప్పుడెలా ఉంది, ఇంతే అడిగాను. ఎందుకెళ్లావని అడగలేదు. ఆ ప్రశ్న పెదవి దాకా వచ్చింది, మింగేశాను. రాసింది వాడికి చదివి వినిపిస్తే, ఒకచోట దిద్దాడు: నలుగురు కాదు, ముగ్గురు కొట్టారు, ఒకడు తలుపు దగ్గర నిలబడ్డాడు. దిద్దిన చోట ఇద్దరం పొట్టి సంతకాలు పెట్టాం.

రెండు కాపీలు ప్రిన్సిపాల్‌కి ఇచ్చి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం, టైము వేయించుకున్నాను. ఆమె మంచి మనిషే, కానీ టెన్షన్ పడ్డారు. "బయట రూములో జరిగింది కదా, మనకేం సంబంధం?" అన్నారు. 1997 నాటి మన రాష్ట్ర ర్యాగింగ్ నిషేధ చట్టం కాలేజీ లోపలా బయటా రెండూ కలిపే చెప్పింది. ఫిర్యాదు వచ్చాక చర్య తీసుకోని కాలేజీ అధిపతి నేరానికి సాయం చేసినట్టేనని కూడా అందులో ఉంది. 2009 యూజీసీ నిబంధనల ప్రకారం, నేరమని తేలితే సమాచారం అందిన 24 గంటల్లో ఎఫ్‌ఐఆర్‌కి వెళ్లాలి. ఆ పేజీలు ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టాను. ఆమె రెండుసార్లు చదివి, "పదండి" అన్నారు.

ముందు జీజీహెచ్, అంటే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి. క్యాజువాలిటీలో ఎమ్మెల్సీ, అంటే పోలీసు కేసు కోసం డాక్టరు రాసే దెబ్బల నివేదిక, రాయించాం. కొట్టిన దెబ్బ అని అక్కడే చెప్పాలి, పడ్డానని చెబితే తర్వాత కేసులో అదే అడ్డమొస్తుంది. ఆ తర్వాత స్టేషన్. "మా లిమిట్స్ కాదు, అటెళ్లండి" అన్నారు. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం తీసుకోవాల్సిందే. జీరో ఎఫ్‌ఐఆర్ అంటారే, అది. ఆ మాట నెమ్మదిగా చెప్పి బెంచీ మీద కూర్చున్నాం. ముప్పావు గంటకు రాసుకున్నారు. కాపీ ఉచితంగా ఇవ్వాలి, ఇచ్చారు. తీసుకోకపోయుంటే ఎస్పీ గారికి రాసి పంపొచ్చు. కేసు నడుస్తోంది కాబట్టి ఇంతకన్నా రాయను. అబ్బాయి రోజూ క్లాసుకొస్తున్నాడు.

తోటి స్టాఫ్‌కి ఇంకో రెండు మాటలు. ఫొటోనో వీడియోనో ఉన్న కేసైతే, సాక్ష్యం కోసమని దాన్ని స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో వేయకండి. మైనరు అసభ్య దృశ్యమైతే అలా పంపడమే ఐటీ చట్టం 67బి కింద నేరం. ఫోను ఎవరిదైతే వాళ్ల దగ్గరే చెరిపేయకుండా ఉంచి పోలీసులకు అప్పజెప్పాలి. కెమెరా రికార్డింగు ఆ రోజే దాచిపెట్టించాలి. గది అయితే తాళం వేయించాలి. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య విజయవాడ వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ కేసులో పట్టుకున్న యువకుడు ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాక 2017లో హైకోర్టు నిర్దోషి అంది. అది చదివినప్పటి నుంచి, సాక్ష్యం చెరిగిపోయి తప్పు మనిషి ఇరుక్కోకూడదని, హాస్టల్లో ఏం జరిగినా పోలీసులొచ్చే దాకా ఎవర్నీ ఊడవనివ్వను, సర్దనివ్వను.

18 నిండిన అమ్మాయి వేధింపు గురించి చెబితే సంగతి వేరు. స్టేషన్‌కి వెళ్లాలా, లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే కాలేజీ అంతర్గత కమిటీకి ఇవ్వాలా, రెండూనా అన్నది ఆమె ఇష్టం. కమిటీకి మూడు నెలల లోపు రాసివ్వాలని ఆమెకు చెప్పడం మన పని. పోలీసులకు చెప్తానంటే తోడు వెళ్లడం కూడా మన పనే.

ఈ జూన్‌లో స్టాఫ్ మీటింగ్‌కి ఆయాలను, వాచ్‌మన్లను, బస్సు డ్రైవర్లను కూడా పిలవమన్నాను. ముందు వరసలో కూర్చోబెట్టాం. నేను చెప్పిందంతా విని ఒక ఆయా లేచి, "రాయడం రానోళ్లం ఏం చేయాలమ్మా?" అంది. నాకు చెప్పు, నేను రాస్తాను, కింద నీ వేలిముద్ర వేద్దువుగాని అన్నాను.

పోయిన మంగళవారం పొద్దున్నే చీపురు చేత్తోనే వచ్చింది. "రాయండమ్మా" అంది. హాస్టల్ వెనక స్నానాల గదుల వైపు గోడ దగ్గర నాలుగిటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయట. నిన్న లేవట. "తీసేశావా?" అన్నాను. "ముట్టుకోలేదమ్మా, మీరొచ్చి చూస్తారని అలాగే ఉంచా" అంది. నోట్‌బుక్, ఫోను తీసుకుని ఆమె వెనకే నడిచాను.