గింజ పొడవు ఏ మొక్కది? వరి సంకరంలో నా అనుభవం

వరి గింజ పొడవు రెండో తరంలో ఏ నిష్పత్తిలో విడిపోతుందో చూడడానికి, ఎమ్మెస్సీ పరిశోధనలో పొట్టి గింజల జపాన్ రకం నిప్పన్‌బారేను సన్నగా పొడవుగా ఉండే బాస్మతి 370తో సంకరం చేశాను. రెండూ ఒకేసారి పూతకు రావు కాబట్టి నారు మూడు దఫాలుగా పోశాను. సాయంత్రం నిప్పన్‌బారే పువ్వుల కొనలు కత్తిరించి, ఒక్కో పువ్వులోని ఆరు కేసరాలనూ తీసి, వెన్నుకు కాగితపు సంచి తొడిగాను. మర్నాడు ఉదయం బాస్మతి పుప్పొడిని వాటి మీద దులిపాను. గింజ పట్టినవి కొన్నే అయినా, వాటి నుంచి మొదటి తరం మొక్కలు ఏపుగా పెరిగాయి.

ఆ మొక్కలకు కాసిన వడ్లే రెండో తరం విత్తనం కదా అని, వాటిని పదేసి చొప్పున గ్రాఫ్ కాగితం మీద వరుసగా పేర్చి రెండు వారాలు కొలిచాను. పొడవువి, పొట్టివి వేరుగా తేలలేదు. అన్నీ దాదాపు ఒకే పొడవు. సంకరమే విఫలమైందని నాకు చాలా దిగులు కలిగింది. మా గైడ్ గారు ఒక వడ్లగింజ ఒలిచి, ఊకను నా చేతిలో పెట్టి, “ఇది ఎవరిదమ్మా?” అని అడిగారు. ఊక తల్లి మొక్క కణజాలం. పువ్వు విచ్చుకోకముందే దాని కొలత ఖాయమవుతుంది, లోపలి బియ్యం ఆ గూటిలో పట్టినంతే పెరుగుతుంది. అంటే నేను వందల గింజలు కొలిచినా, చూసింది మొదటి తరం మొక్కల లక్షణాన్నే. ఈ మాట ప్రతి విద్యార్థికీ సంకరం మొదలుపెట్టేముందే చెప్పాలని నా అభిప్రాయం.

తరువాతి పంటకాలంలో ఆ విత్తనాన్ని నాటి, ప్రతి మొక్క ఆకు నుంచీ డీఎన్‌ఏ తీశాను. 2006లో గుర్తించిన జీఎస్3 జన్యువు మూడో క్రోమోజోమ్‌పై ఉండి గింజ పొడవును అదుపు చేస్తుంది. బాస్మతిలో ఈ జన్యువు డీఎన్‌ఏలోని ఒక ‘సి’ అక్షరం స్థానంలో ‘ఎ’ రావడంతో ప్రోటీన్ మధ్యలోనే ఆగిపోయి ఆ అదుపు తప్పుతుంది. ఆ మార్పే డీఎన్‌ఏను పీఎస్‌టీ-1 అనే ఎంజైమ్ కత్తిరించే చోటును కూడా చెరిపేస్తుంది కాబట్టి, డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్‌పై తెగని పట్టీ కనిపిస్తే అది బాస్మతి రూపం, తెగిన ముక్కలే ఉంటే నిప్పన్‌బారేది, రెండూ ఉంటే మిశ్రమం. ఈసారి నిష్పత్తి 1:2:1కి దగ్గరగా వచ్చింది, బాస్మతి రూపం జంటగా ఉన్న మొక్కల గింజలే పొడవుగా తేలాయి.

దిగుబడి మాత్రం గింజ పొడవును అనుసరించలేదు. వెయ్యి గింజల బరువు ఎక్కువగా ఉన్న కొన్ని మొక్కల్లో వెన్నుకు గింజలు తగ్గాయి, మరికొన్నింటిలో పిలకలే తక్కువ. పొడవు గింజలతోపాటు వెన్నులు కూడా నిండుగా ఉన్న మొక్కల వడ్లను విడివిడిగా పొట్లాలు కట్టి, సంఖ్యలు రాసి, వచ్చే సార్వా నారుమడికి దాచాను.