బరకం నీడ

రాత్రి పదకొండున్నర దాటింది. ఉక్కకి నిద్ర పట్టట్లేదు. ఒక్క ఉక్కే అయితే ఎలాగో సర్దుకుందును.

పొద్దున్న కరెంటు వాళ్లొచ్చి మన వేపచెట్టు నరికేశారు. మొత్తం కాదు, తీగలవైపు కొమ్మలన్నీ మొదలంటా. ఇటువైపువి అలాగే వదిలేశారు. పొయ్యి మీద పోపు వదిలేసి పరిగెత్తేసరికే సగం చెట్టు రోడ్డు మీద ఉంది. "వానలు పడేలోగా కొట్టెయ్యాలమ్మా" అన్నాడొకతను. ఎదురింటాయన గేటు దగ్గర నిలబడి ఇంకా ఆ కొమ్మ, ఈ కొమ్మ అని చూపిస్తున్నాడు. ఆకులు కారు మీద రాలుతున్నాయని రెండేళ్లుగా ఆయనదే గోల. అత్తయ్య చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చారు కాబట్టి ఊరుకున్నాను.

మధ్యాహ్నానికి ఇస్త్రీ తాత బండికి నీలం బరకం కట్టుకున్నాడు. చీరలిచ్చి రెండు నిమిషాలు నిలబడ్డానో లేదో మాడు కాలిపోయింది. బరకం ఎండకి కాగి ఆ సెగని కిందికీ దించుతుంది. ఆకు అలా కాదు. వేళ్లు తోడిన నీళ్లని ఆవిరిగా వదులుతుంది, ఆ ఆవిరితో పాటే చుట్టూ ఉన్న వేడీ పోతుంది. కొత్తకుండలో నీళ్లు చల్లబడ్డట్టే. మన విశాఖలో హనుమంతవాక దాటి జూ వైపు వెళ్తుంటే బస్సు కిటికీలోంచి తగిలే చల్లగాలి అలాంటిదే. అక్కడ కంబాలకొండ అడవి 70 చదరపు కిలోమీటర్ల పైనే. మన వీధికి ఉన్నది ఒక్క వేప. దాని కిందే తాత పదిహేనేళ్లుగా బొగ్గుల పెట్టె తోస్తున్నాడు.

2014 అక్టోబరు 12, ఆదివారం. చిన్నాడు కడుపులో ఉన్నాడు, ఏడో నెల. హాల్లో కిటికీ అద్దాలు పగిలాక ముగ్గురం బాత్రూంలో దూరాం. మధ్యలో గాలి ఆగిపోతే హుద్‌హుద్ తుఫాను వెళ్లిపోయిందనుకున్నాం. కాసేపటికి రెండోవైపు నుంచి అందుకుంది. సాయంత్రం తలుపు తీస్తే వీధే లేదు. మూడు తురాయి చెట్లూ తీగల్ని లాక్కుని అడ్డంగా పడున్నాయి. మా వీధికి వారం పైనే కరెంటు లేదు. పాల ప్యాకెట్ కోసం మా ఆయన తెల్లారుజామునే వెళ్లి లైన్లో నిలబడేవారు. కైలాసగిరి వైపు చూస్తే కొండకి ఎవరో నిప్పు పెట్టినట్టు గోధుమరంగు. వేప ఒక్కటే నిలబడింది, ఒంటి మీద ఆకు లేకుండా. నెల తిరక్కుండానే చిగురేసింది. ఆ ఉగాది పచ్చడికి పువ్వు దానిదే.

ఇదంతా రాస్తుంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ రోజు ఒక తురాయి పడింది ఎదురింటాయన పాత కారు మీదే. ఆయన బాధ ఆకుల గురించి కాదేమో. తీగలకి కొమ్మలు తగలకూడదు, అదీ ఒప్పుకుంటాను. తీగలు తెగిన వారం ఎలా ఉంటుందో చూసినదాన్నే.

కానీ ఒక్కవైపే నరికితే బరువంతా ఇటు పడదూ? పైగా మొదలు చుట్టూ అంగుళం వదలకుండా సిమెంటు. వాన చుక్క దిగే దారి లేదు. ఆ సిమెంటు పోయించింది మేమే, గేటు ముందు బురదవుతోందని. ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు నాకు.

ఆదివారం వేళ్లకి దెబ్బ తగలకుండా మొదలు చుట్టూ మూడడుగులు పగలగొడదామని మా ఆయన్ని అడిగాను. అటు తిరిగి పడుకునే "ఊఁ" అన్నారు. సిమెంటు ఎదురింటి గేటు దాకా ఉంది, వాళ్లకీ చెప్పాలి. రేపు పొద్దున్నే వెళ్తాను. మాట ఎలా మొదలుపెట్టాలో మాత్రం తెలియట్లేదు.